గోడ కట్టిన కథలో పొలం మాట

కష్టాల్లో కూలిపోయినవాడికి బైబిలు ఇచ్చే ఊరటను మన విమర్శకులు తరచు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అది పలాయనమని తేల్చేస్తారు. కాని చరిత్ర అంత తేలిగ్గా ఒప్పుకోదు.

1876-78 కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు గంజికి అల్లాడిపోయారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి పని చూపాడు. ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసమే మారారన్న నింద అప్పుడూ ఉంది. అయితే యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు కరువుకు పదేళ్ల ముందే, 1866లోనే, ఆ దారి పట్టారని మనం మరిచిపోరాదు. వాళ్లు వెతికింది అన్నంతో పాటు మనిషినన్న గౌరవాన్ని.

కష్టం తర్వాత లేచి నిలబడడానికి ప్రసంగాల్లో తరచు చెప్పే కథ నెహెమ్యాది: కూలిన యెరూషలేము గోడను జనం మళ్లీ కట్టారు. కాని ఐదవ అధ్యాయాన్ని ఎందరు చదువుతారు? కరువులో ధాన్యం కోసం పొలాలు తాకట్టు పెట్టి, బిడ్డల్ని దాస్యానికి అప్పగించిన పేదలు అక్కడ మొరపెట్టుకుంటారు. నెహెమ్యా ధనికుల్ని నిలదీసి, పొలాలూ ఇళ్లూ వడ్డీతో సహా తిరిగి ఇప్పిస్తాడు. పొలం దక్కనివాడికి గోడ దేనికి?

ఈ ప్రశ్న కొల్లేటికోట చుట్టూ ఉన్న లంక గ్రామాలది కూడా. 1970ల దశకంలో మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాల పేర చేపల చెరువులు దక్కాయి. క్రమంగా వాటిలో చాలా భాగం లీజుల మీద పెట్టుబడిదారుల చేతుల్లోకి జారింది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర గట్లు కూల్చారు. సరస్సుకు ఊపిరి కావలసిందే, కాదనం. కాని గట్టుతో పాటు బతుకు కూలినవాడికి ‘ధైర్యంగా ఉండు’ అనడం ఒక్కటే చాలుతుందా?

క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, అందులోని అరుంధతీసుతుడు ఊరట కోరలేదు, న్యాయం కోరాడు. నెహెమ్యా కథలోని పేదల మొరా అదే. ఊరటను వెక్కిరించడం మన పని కాదు. అందులో దాగిన పొలం మాటను బయటికి తీయడమే సాహిత్య విద్యార్థి చేయవలసిన పని.