అటక మీద రంపం: అసలా, నకలా?

మన కుటుంబం కథలు రాసుకునే ఈ చోట ఇంతవరకు ఫొటోలు, పెళ్ళి శుభలేఖలు, తాతయ్య ఫ్రెంచి బడి సర్టిఫికెట్టు గురించి రాశాను. ఈసారి ఒక రంపం గురించి. నవ్వకండి. పోయిన సంక్రాంతికి పుదుచ్చేరి నుంచి మేమంతా యానాం వెళ్ళినప్పుడు మూడు రోజుల పండగలో రెండు రోజులు ఈ రంపం మీదే గడిచాయి. చిన్నవాళ్ళకి అసలు గొడవేమిటో తెలియలేదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను.

మన తాతయ్యకి యానాంలో చిన్న కలప అడితి ఉండేది. తాళ్ళరేవు వైపు పడవలు కట్టేవాళ్ళకి దుంగలు ఇచ్చేవారు. ఆ ప్రాంతంలో కలప వ్యాపారం ఈనాటిది కాదు. పక్కనే ఉన్న కోరంగి రెండు వందల ఏళ్ళ క్రితం ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుపడ్డ రేవు. గోదావరి ఎగువ అడవుల్లో కొట్టిన టేకును తెప్పలుగా కట్టి నీళ్ళ మీద దించేవారు. 1839 తుపానుకి కోరంగి దెబ్బతిని, క్రమంగా రేవు పూడిపోయినా, తాళ్ళరేవులో పడవలు కట్టే పని మాత్రం ఆగలేదు. తాతయ్య చిన్నప్పుడు దుంగ కొయ్యాలంటే గొయ్యి తవ్వి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి రంపం లాగాల్సిందే. కింద ఉన్నవాడి కళ్ళ నిండా పొట్టే.

అలాంటి అడితిలోకి ఒక రోజు పెట్రోలుతో నడిచే రంపం వచ్చింది. పన్నెండు కిలోల పైచిలుకు బరువు, చెవులు పగిలే మోత. దాని మీద స్టిల్ అని పేరు, పక్కన 090 అని అంటించిన చీటీ. ఆ పేరు జర్మనులు ‘ష్టీల్’ అని పలుకుతారట. మనవాళ్ళు మాత్రం ఎప్పుడూ ‘స్టీలు రంపం’ అనే అన్నారు.

ఇంట్లో చెప్పుకునే కథ ఇదీ: "ఫ్రాన్సు వాళ్ళ టైములో మంగళవారం సంతలో నాన్నగారు కొన్నారు. అప్పట్లో చుట్టుపక్కల ఎవ్వరి దగ్గరా లేదు. 090 అంటే ఆ కంపెనీ చేసిన వాటిల్లో రాజు." పెదనాన్న ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క మారేది కాదు.

ఇందులో గొడవేముంది అంటారా? 1984లో అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు పక్క మూడు సెంట్ల స్థలం బాబాయి వాటాకి వెళ్ళింది. దానికి సరిగా పెదనాన్న వాటాలో వేసింది ఈ రంపాన్నీ, అడితిలో మిగిలిన సామానునీ. "ఫ్రాన్సు రంపం, 090, అది మామూలు ధర కాదు" అని పెద్దలు లెక్క కట్టారు. ఇప్పుడు ఆ మూడు సెంట్ల ధర ఎంతో యానాంలో ఎవర్ని అడిగినా చెప్తారు. రంపం అటక మీద ఉంది.

పోయిన ఏడు కాకినాడ నుంచి పాత మిషన్లు సేకరించే ఒకాయన ఫొటో చూసి, "నిజంగా 090 అయితే మంచి ధర ఇస్తాను, కాకపోతే ఇనుము ధర" అన్నాడు. దాంతో మొదలైంది. పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, "ఇది నకలు. మా నాన్నని మోసం చేశారు" అన్నాడు. బాబాయి "అసలుదే, నేను చిన్నప్పుడు చూశాను" అన్నారు. విచిత్రం ఏంటంటే పెదనాన్న కూడా బాబాయి పక్షమే. నకలు అని తేలితే ఆయనకి లాభం, కానీ తండ్రి మాట అబద్ధం అవుతుంది కదా.

నేను ముందుగా తేదీలు చూశాను. ఫ్రెంచి యానాంలో మంగళవారం సంతకి బ్రిటిషు ఇలాకా నుంచి జనం సీమ సరుకు కొనడానికి వచ్చేవారు, అది నిజమే. యానాం విమోచన 1954 జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య ఆధ్వర్యంలో జరిగింది. నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న. అంటే ‘ఫ్రాన్సు వాళ్ళ టైము’ 1954తో అయిపోయింది.

ఇప్పుడు రంపం వైపు చూద్దాం. ఆండ్రియాస్ స్టిల్ అనే ఆయన 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఈ కంపెనీ పెట్టాడు. మొదటిది కరెంటు రంపం, ఇద్దరు మోయాలి. 1929లో పెట్రోలుది వచ్చింది, అదీ ఇద్దరికి పనే. ఒక్క మనిషి పట్టుకుని చెట్టు కొయ్యగల పెట్రోలు రంపం 1950లో చేశారు. 1959లో కాంట్రా అనే మోడల్ వచ్చింది. మధ్యలో గేర్లు లేకుండా ఇంజినే నేరుగా గొలుసును తిప్పుతుంది, బరువు 12 కిలోలు. 070, 090 రెండూ ఆ కాంట్రా తర్వాత పుట్టినవే. కాబట్టి ఫ్రెంచివాళ్ళు యానాంలో ఉండగా 090 కొనడం ఎవరి వల్లా కాదు. కాంట్రాకే ఇంకా అయిదేళ్ళు ఉంది.

ఇది చెప్పినప్పుడు పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నగారు ఎప్పుడు కొన్నారో నేను చూడలేదురా. ఆయన చెప్పిందే చెప్పాను" అన్నారు. ఇక్కడ నాకొకటి తోచింది. మన ఇంట్లో ‘ఫ్రాన్సు’ అంటే దేశం పేరు మాత్రమే కాదు. ఫ్రాన్సు గొడుగు, ఫ్రాన్సు సెంటు, ఫ్రాన్సు కత్తెర అని అన్నీ అలాగే అనేవాళ్ళం. మంచి విదేశీ వస్తువు అంటే చాలు, అది ఫ్రాన్సు సరుకే. తాతయ్య ‘ఫ్రాన్సు రంపం’ అని ఉంటారు. అది పిల్లల నోట ‘ఫ్రాన్సు టైము’ అయిపోయి ఉంటుంది. ఆయన అబద్ధమాడారని నేను అనుకోవడం లేదు.

కథ తప్పయినంత మాత్రాన రంపం నకలు అయిపోదు. ఇది వేరే ప్రశ్న. కనుమ నాడు తాళ్ళరేవు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. బోటు ఇంజిన్లు, చెట్లు కోసే మిషన్లు రెండూ చూస్తాడు. అరుగు మీద గోనె పట్టా పరిచి రంపం దింపాం. అతను ముందు 090 చీటీని గోటితో గీకి, "దీన్ని లెక్కెట్టకండి, ఆయ్. చీటీలు విడిగా అమ్ముతారు" అన్నాడు. ఇప్పుడు చైనా నుంచి 070కీ, 090కీ కూడా నకళ్ళు వస్తున్నాయి, అన్నిటి మీదా చీటీలు ఉంటాయి.

తర్వాత తాడు లాగే వైపు మూత తుడిచాడు. కంపెనీ పేరు అంటించింది కాదు, పోతలోనే పైకి తేలి ఉంది. అంచులు పదునుగా ఉన్నాయి. కింద చిన్న రేకు మీద కిరసనాయిలు గుడ్డతో రుద్దితే ‘మేడ్ ఇన్ బ్రెజిల్’ అని వచ్చింది. అన్నయ్య "చూశారా, జర్మనీ కూడా కాదు!" అని లేచాడు. కానీ అది నకలుకి సాక్ష్యం కాదు. స్టిల్ కంపెనీ 1973లో బ్రెజిల్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టింది. కాబట్టి ఆ రేకు చెప్పేది రెండు మాటలు: ఇది కంపెనీ సరుకే అయ్యుండొచ్చు, 1973కి ముందుది మాత్రం కాదు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న, 090 అవునా కాదా. బయటికి చూస్తే 070, 090 అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా లోపల ఉంది. రెండింటిలో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 40 మిల్లీమీటర్లే. కానీ సిలిండర్ వెడల్పు 070కి 58, 090కి 66. బళ్ళో నేర్చుకున్న లెక్కే: వ్యాసార్థాన్ని దానితోనే గుణించి, 3.14తో, మళ్ళీ ఆ 40తో గుణిస్తే 070కి దాదాపు 106 సీసీ, 090కి 137 సీసీ వస్తుంది. ఆ 31 సీసీల కోసమే సేకరించేవాళ్ళు 090 వెంట పడతారు. ఒక్క మనిషి చేత్తో పట్టుకుని నడిపే రంపాల్లో అంత పెద్ద ఇంజిన్ ఉన్నవి చాలా తక్కువ. చీటీ మార్చొచ్చు, రేకు మార్చొచ్చు, 58ని అరగదీసి 66 చెయ్యడం కుదరదు.

మెకానిక్ బోల్టులు విప్పి సిలిండర్ పైకి లాగాడు. లోపల మసి, అయినా గీతలు పెద్దగా లేవు. వెర్నియర్ పెట్టాడు. అందరం వంగి చూశాం. 58 మీద వెంట్రుకవాసి. ఇంకోవైపు తిప్పి పెట్టాడు. అంతే. "070 అండి. మంచి మిషనే. కానీ 090 కాదు. బోరు అబద్ధమాడదండి" అన్నాడు.

అన్నయ్య గెలిచినట్టు మాట్లాడబోయాడు గానీ పెదనాన్న మొహం చూసి ఆగిపోయాడు. నిజానికి ఇద్దరి మాటా సగమే నిలిచింది. రంపం నకలు కాదు, 090 అన్న పేరు మాత్రం దానిది కాదు. ఆ చీటీ ఎవరు అంటించారో తేల్చే ఆధారం మన దగ్గర లేదు. తాతయ్య పోయి 30 ఏళ్ళు దాటింది. అమ్మినవాళ్ళ బిల్లు ఏ పెట్టెలోనూ దొరకలేదు. అందుకని ఎవరి మీదా నేరం మోపడం లేదు.

అప్పుడు పెదనాన్న 1996 సంగతి ఎత్తారు. ఆ నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. తెల్లారేసరికి మా వీధి నుంచి రోడ్డుకి దారి లేదు. బాలయోగి వంతెన అప్పటికి లేదు, ఎదుర్లంక వెళ్ళాలంటే పంటే దిక్కు. పెదనాన్న ఈ రంపం దింపి, పెట్రోల్లో ఆయిల్ కలిపి, నాలుగు రోజులు చెట్లు కోసుకుంటూ వెళ్ళారు. కొబ్బరి మాను పైకి పీచులా కనిపిస్తుంది గానీ గొలుసు పళ్ళని ఇట్టే మొద్దు చేస్తుంది. బాబాయి పక్కన కూర్చుని గంటకోసారి ఆకురాయితో పళ్ళు సాన పెట్టారట. ఈ సంగతి నేను మొదటిసారి వినడం. మూడు సెంట్ల గొడవతో పదేళ్ళు సరిగ్గా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ నాలుగు రోజులు కలిసి పనిచేశారన్నమాట.

"అన్నయ్యా, అప్పుడు నీ చేతికి బొబ్బలు, గుర్తుందా?" అన్నారు బాబాయి.

"నీ వేలు తెగింది, అదీ గుర్తుంది" అన్నారు పెదనాన్న.

సిలిండర్ మళ్ళీ బిగించడానికి కొత్త గ్యాస్కెట్ కావాలన్నాడు మెకానిక్. డబ్బులు బాబాయి ఇచ్చారు. కాకినాడ ఆయనకి ఫోన్ చేసి, "070 అండి, అమ్మడం లేదు" అని చెప్పింది కూడా ఆయనే. వెళ్ళేముందు, "ఆ మూడు సెంట్ల మాట ఉగాదికి కూర్చుని మాట్లాడదాం అన్నయ్యా, ఆ రోజు లెక్క సరిగ్గా కట్టలేదు" అన్నారు. పెదనాన్న "చూద్దాంలే" అన్నారు. ఉగాదికి ఏం జరిగితే అది ఇక్కడే రాస్తాను.

మన కుటుంబ వస్తువుల పట్టీలో ఇప్పటివరకు ‘ఫ్రాన్సు రంపం, 090, 1954కి ముందు’ అని ఉండేది. దాన్ని ఇలా మార్చాను: ‘స్టిల్ 070, బ్రెజిల్ తయారీ, 1973 తర్వాతది. 090 చీటీ ఎవరు అంటించారో తెలియదు. 1996 తుపాను తర్వాత దారి తెరిచింది.’ ఆఖరి వాక్యం పెదనాన్న చెప్పి రాయించారు. చీటీ మాత్రం తియ్యొద్దన్నారు, అలాగే ఉంచాం.

మీ ఇళ్ళల్లో కూడా ‘తాతగారి కాలం నాటిది’ అని చెప్పుకునే కుట్టుమిషనో, గడియారమో, రేడియోనో ఉండే ఉంటుంది. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు వెనక్కి తిప్పి, రేకు తుడిచి, దాని మీద ఏముందో రాసుకోండి. పక్కన పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకోవడం మర్చిపోకండి. మాకు 1996 సంగతి బయటపడింది అలాగే.