యుద్ధపు అప్పు, కొండ మీది రాబడి: కంపెనీ చేతికి తిరుమల

1740 మే నెలలో దామలచెరువు కనుమ దగ్గర మరాఠాలతో జరిగిన పోరులో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ చనిపోయాడు. 1749లో ఆంబూరు దగ్గర, తర్వాత నవాబైన అన్వరుద్దీన్ నేలకూలాడు. ఆయన కొడుకు మహమ్మదలీకి గద్దె నిలవాలంటే ఇంగ్లీషు కంపెనీ సిపాయిలే దిక్కు. సిపాయిలకు జీతం కావాలి, నవాబు బొక్కసం ఖాళీ. యుద్ధ ఖర్చు కింద ఆయన కంపెనీకి రాసిచ్చిన రాబడుల్లో తిరుమల గుడి ఆదాయం ఒకటి.

గుడినే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆలోచించదగ్గది. సేనలు తొక్కిన పొలంలో శిస్తు పుట్టదు. కొండకు మాత్రం మొక్కుబడులతో జనం వస్తూనే ఉంటారు, అదీ నగదుతో. బ్రహ్మోత్సవాల నాళ్లలో మరీ ఎక్కువ. ఆ రాబడిని ఇజారాకు, అంటే గుత్తకు, ఇస్తే ఏటా లెక్క తేలిన పైకం చేతికొస్తుంది. 1753లో సాయుధ దండు నాయకుడు మహమ్మద్ కమాల్ తిరుపతి మీదికి వచ్చిందీ ఈ సొమ్ము కోసమే. అతన్ని అడ్డుకోవడానికి కంపెనీ బలగం దిగింది. అతను పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. దీన్ని దేవాలయ రక్షణగా వర్ణించే అలవాటొకటి మన రచనల్లో ఉంది. అప్పిచ్చినవాడు తన బాకీకి కాపలా కాశాడనడమే నాకు సబబనిపిస్తుంది.

1763 పారిస్ సంధిలో మహమ్మదలీ నవాబుగిరీకి ఐరోపా గుర్తింపు దక్కింది. కాగితం మీద ఆయన స్వతంత్రుడు. కానీ మైసూరుతో జరిగిన ప్రతి యుద్ధమూ బాకీని పెంచింది. 1780లో మైసూరు ఏలిక హైదరలీ కర్ణాటకం మీద విరుచుకుపడి ఆర్కాటు పట్టుకున్నాడు. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గరి విడిదిలోనే కన్నుమూశాడు. నవాబు అప్పుల మీద 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో నిప్పులు చెరిగాడు. అప్పులిచ్చిన వారిలో కంపెనీ ఉద్యోగులే సొంతంగా వడ్డీ వ్యాపారం చేసినవారూ ఉన్నారు మరి!

1799లో మైసూరు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక నవాబు అవసరం తీరింది. హైదరలీ కొడుకు టిప్పుతో నవాబులు రహస్యంగా ఉత్తరాలు నడిపారన్న నెపంతో 1801లో కర్ణాటక పాలన మొత్తాన్నీ కంపెనీ తీసేసుకుంది. 1804-05లో తిరగబడిన చిత్తూరు పాలెగాళ్లను అణచివేసింది. ఈలోగా, 1803లోనే, కలెక్టరు స్ట్రాటన్ గుడి ఆదాయవ్యయాలు, సేవలు, సిబ్బంది వివరాలతో నివేదిక పంపాడు. 1821లో గుడి నిర్వహణకు నియమాలు కూర్చిన బ్రూస్ కోడ్ వచ్చింది. బాకీ వసూలుతో మొదలైన పెత్తనం కైంకర్యాల నిర్వహణకూ నియమావళి రాసే దాకా పాకింది.

1843లో గుడి నిర్వహణను హథీరాంజీ మఠం మహంతు సేవాదాస్‌కు అప్పగించారు. విగ్రహారాధనతో క్రైస్తవ ప్రభుత్వానికి పొత్తేమిటని ఇంగ్లండులో మిషనరీలు, వారి మద్దతుదారులు తెచ్చిన ఒత్తిడే దానికి ప్రధాన కారణం. అయితే అప్పటికి ఈ ప్రాంతంలో కంపెనీని ఎదిరించగల సైన్యం ఏదీ మిగల్లేదు. భూమి శిస్తు రైత్వారీ లెక్కల్లో కుదురుకుంది. కొండ మీది పైకాన్ని వదులుకునే స్తోమత కంపెనీకి అప్పుడే వచ్చింది.