తెర మీద తొలి అక్షరాలు: పిల్లల చదువులోకి కంప్యూటర్ వచ్చిన దారి

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు అంగన్‌వాడీ కేంద్రాల్లో, కొందరు ప్రాథమిక పాఠశాలల్లో ఇప్పటికే పనిచేస్తూ ఉంటారు. మీ తరగతికి ఒక కంప్యూటరో ట్యాబో వచ్చి ఉండవచ్చు. లేదా మీ ఫోన్‌లోనే అక్షరాలు దిద్దించే యాప్ ఒకటి ఉండవచ్చు. ఇదంతా నిన్నమొన్న మొదలైన విషయంలా మనకు తోస్తుంది. నిజానికి యంత్రం సాయంతో పసిపిల్లలకు చదవడం నేర్పే ప్రయత్నానికి అరవై ఏళ్లు దాటాయి. ఈ కాలంలో యంత్రాలు ఎన్నో మారాయి. వాటిని అమ్మేవారి మాటలు మాత్రం పెద్దగా మారలేదు.

ఈ చరిత్రను చదివేటప్పుడు ఒక ప్రశ్నను వెంట ఉంచుకోండి. యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడు ఆ సమయంలో ఏ పని చేస్తున్నాడు? చూస్తున్నాడా, మీటలు నొక్కుతున్నాడా, చదువుతున్నాడా, రాస్తున్నాడా?

మాట్లాడే టైప్‌రైటర్

1960 ప్రాంతంలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఒమర్ ఖయ్యాం మూర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉండేవారు. (పేరు పారశీక కవిదే అయినా మనిషి అమెరికన్.) మూడు నాలుగేళ్ల పిల్లలను ఆయన ఒక చిన్న గదిలో విద్యుత్ టైప్‌రైటర్ ముందు కూర్చోబెట్టేవారు. పిల్లవాడు ఏ మీట నొక్కితే ఆ అక్షరం కాగితం మీద పడేది, వెంటనే దాని పేరు వినిపించేది. మొదట్లో ఆ పేరు పలికే పని ఒక మనిషి చేసేవారు. తరువాత ఎడిసన్ పేరుతో నడిచిన పరిశోధనశాలలో ఆ పని కూడా చేసే యంత్రాన్ని తయారుచేశారు. ‘మాట్లాడే టైప్‌రైటర్’ అని దానికి పేరు వచ్చింది. పిల్లల గోళ్లకు రంగులు వేసేవారు. ఏ వేలితో ఏ మీట నొక్కాలో తెలిసేలా మీటలకూ అవే రంగులు ఉండేవి.

అక్షరాలతో ఇష్టమొచ్చినట్లు ఆడుకోవడం అయ్యాక, యంత్రం ఒక అక్షరాన్ని చూపేది. ఆ మీట ఒక్కటే కదిలేది. ఆ తరువాత మాటలు, వాక్యాలు. చివరి దశలో పిల్లవాడు తన కథను తానే చెప్పి, రికార్డయిన తన గొంతును వింటూ దాన్ని టైపు చేసుకునేవాడు. ఈ చివరి దశను గుర్తుపెట్టుకోండి. యంత్రం చెప్పింది పిల్లవాడు చేయడంతో మొదలైన పని, పిల్లవాడు చెప్పింది యంత్రం మీద రాసుకోవడం దాకా వచ్చింది. ఆ యంత్రం ఖరీదు ఎక్కువ కావడంతో మామూలు బడులకు అందలేదు. కానీ ఈ రంగంలో నాకు తెలిసిన ఆలోచనల్లో మంచివాటిలో ఇదొకటి.

బ్రెంట్‌వుడ్ బడి, 1966

అసలైన కంప్యూటర్‌తో ఒకటో తరగతి పిల్లలకు చదవడం నేర్పిన తొలి ప్రయోగాల్లో పేరుపొందినది కాలిఫోర్నియాలోని ఈస్ట్ పాలో ఆల్టోలో ఉన్న బ్రెంట్‌వుడ్ పాఠశాలలో జరిగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు ప్యాట్రిక్ సప్పీస్ గణితం, రిచర్డ్ అట్కిన్సన్ పఠనం చూసుకున్నారు. ఐబీఎం 1500 అనే వ్యవస్థకు కలిపిన తెరల ముందు పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవారు. వినిపించిన మాటను తెర మీద కాంతి కలంతో తాకి చూపేవారు. తప్పయితే యంత్రం మళ్లీ చెప్పేది.

ప్రతి పిల్లవాడూ తన వేగంతో ముందుకు పోవచ్చన్నది ఈ ప్రయోగం చూపిన పెద్ద లాభం. అయితే దాని రెండో ముఖం కూడా అక్కడే బయటపడింది. చురుకైన పిల్లలు, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలు పూర్తిచేసిన అభ్యాసాల సంఖ్యలో చాలా పెద్ద తేడా వచ్చింది. ఎవరి వేగంతో వారు అంటే, వెనకబడినవారు తమ వేగంతోనే వెనకబడి ఉండటం కూడా అవుతుంది. ఖర్చు భరించలేనిది కావడంతో తరువాత అదే బృందం చవకైన టెలిటైప్ యంత్రాలకు మారింది. ఉపాధ్యాయురాలి బోధనకు తోడుగా రోజుకు కొద్ది నిమిషాల సాధనగా పాఠాన్ని కుదించింది.

పదివేల మంది పిల్లలు, ఒక వాదన

1980ల తొలి సంవత్సరాల్లో చిన్న కంప్యూటర్లు బడుల్లోకి రాసాగాయి. పాఠశాలల పర్యవేక్షణాధికారిగా పదవీవిరమణ చేసిన జాన్ హెన్రీ మార్టిన్ ‘రాస్తూ చదవడం’ అనే పద్ధతిని రూపొందించగా, ఐబీఎం దాన్ని చేపట్టింది. ఇంగ్లీషు మాటల్లోని 42 ధ్వనులను కంప్యూటర్ నేర్పేది. కానీ ఆ గదిలో కంప్యూటర్ ఒక మూల మాత్రమే. మరో మూల టైప్‌రైటర్లు, ఇంకో మూల పుస్తకంతో పాటు వినే క్యాసెట్లు, మరో చోట మాటలు కూర్చే ఆటలు ఉండేవి. పిల్లలు విడతలవారీగా అన్నిటి దగ్గరికీ తిరిగేవారు. స్పెల్లింగ్ తప్పులున్నా, విన్న ధ్వనిని బట్టి తమ సొంత వాక్యాలు రాసేవారు. ఎవరూ దిద్దడానికి తొందరపడేవారు కాదు.

ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ సంస్థ పదివేల మందికి పైగా పిల్లలతో దీన్ని పరీక్షించి 1984లో నివేదిక ఇచ్చింది. రాయడంలో పిల్లలు స్పష్టంగా ముందున్నారు. చదవడంలో కిండర్‌గార్టెన్ పిల్లలకు మేలు కనబడింది, ఒకటో తరగతి పిల్లలకు కనబడలేదు. వేలాది బడులు ఈ పద్ధతిని కొన్నాయి. 1990లో రాబర్ట్ స్లావిన్ అనే విద్యా పరిశోధకుడు అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నిటినీ సమీక్షించి, ఆ కిండర్‌గార్టెన్ లాభాన్నీ ప్రశ్నించారు. పోలికకు తీసుకున్న తరగతుల్లో అసలు చదవడమే నేర్పకపోతే, నేర్పిన తరగతి ముందుండటంలో వింత ఏముంది? ధ్వనులను చక్కగా నేర్పే, యంత్రం లేని మామూలు తరగతితో పోల్చినప్పుడు కదా తెలిసేది!

ఈ వాదన మీకు ఇవాళ కూడా పనికొస్తుంది. ఏదైనా యాప్ వల్ల పిల్లలు ఇంత ముందుకు వెళ్లారని ఎవరైనా చెబితే, దేనితో పోల్చి చెబుతున్నారని అడగండి. నా అభిప్రాయంలో మార్టిన్ గదిలో మేలు చేసింది పిల్లలు ప్రతిరోజూ సొంతంగా రాయడం. దానికి కంప్యూటర్ ఒక సందర్భం కల్పించింది.

1990లలో సీడీల మీద కథల పుస్తకాలు వచ్చాయి. బొమ్మ మీద నొక్కితే పిల్లి గెంతేది, తలుపు తెరుచుకునేది. వీటి గురించి ఎక్కువ చెప్పను. 2015లో 43 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష, కథకు సరిపోయే కదలిక, శబ్దం పిల్లల అవగాహనకు తోడ్పడతాయనీ, కథతో సంబంధం లేని ఆటలూ నొక్కుడు బొమ్మలూ దారి మళ్లిస్తాయనీ తేల్చింది.

తెలుగు తెరకెక్కడం

మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం బీబీసీ మైక్రో కంప్యూటర్లను బడులకు ఇచ్చింది. అయితే అవి ఉన్నత పాఠశాలలకు, ఇంగ్లీషులో. చిన్నపిల్లల ఊసు అందులో లేదు. ఉన్నా తెర మీద చూపడానికి తెలుగు అక్షరం సులువుగా దొరికేది కాదు. భారతీయ లిపుల సంకేతాల ప్రమాణం ఇస్కీ, యూనికోడ్ తొలి రూపం రెండూ 1991లో వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చాక గానీ మామూలు కంప్యూటర్‌లో తెలుగు రాయడం, చదవడం కుదరలేదు. అంతకుముందు ఒక యంత్రంలో రాసిన తెలుగు, అదే ఫాంట్ లేని మరో యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపించేది. అమెరికా పిల్లలకు కంప్యూటర్ చదువు అందిన ముప్పై ఏళ్ల తరువాత కూడా మన పిల్లలకు అందకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. మన లిపి ఇంకా యంత్రంలోకి చేరలేదు.

ఆ దశలోనే 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఎఫ్.సి. కోహ్లి చొరవతో, మెదక్ జిల్లా బీరంగూడలో వయోజనులకు కంప్యూటర్ ద్వారా తెలుగు చదవడం నేర్పే ప్రయోగం చేసింది. ఒక్కో అక్షరంతో మొదలుపెట్టకుండా, తెలిసిన మాటలతో మొదలుపెట్టి వాటిని విడగొట్టి చూపారు. పాత కంప్యూటర్లనే వాడారు. సుమారు 40 గంటల్లో వార్తాపత్రికలో సులువైన మాటలు చదవగలిగేలా చేయడం లక్ష్యం. ఇది పెద్దవారి కోసమే. అయినా మన పాఠంలో చోటు ఇచ్చాను, ఎందుకంటే ఇంగ్లీషు పద్ధతిని అరువు తెచ్చుకోకుండా తెలుగు మాట నుంచే కంప్యూటర్ పాఠాన్ని ఆలోచించిన ప్రయత్నం ఇది.

ఇక అసలు చిక్కు చూద్దాం. ఇంగ్లీషులో 26 అక్షరాలు గుర్తుపట్టడం త్వరగా అయిపోతుంది, కష్టమంతా స్పెల్లింగ్‌లో ఉంటుంది. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలు. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఈ అక్షర రూపాలు పట్టుబడటానికి ఒకటో తరగతి చాలదనీ, ఆ పని పై తరగతుల్లోనూ సాగుతుందనీ చూపింది. కన్నడ, తెలుగు లిపుల అల్లిక ఒకటే కాబట్టి ఇది మనకూ వర్తిస్తుందని నేను భావిస్తున్నాను. మరి మార్కెట్లో దొరికే యాప్‌లను గమనించండి. చాలావరకు ‘అ’ నుంచి ‘ఱ’ దాకా దిద్దించి ఆగిపోతాయి. అంటే తెలుగు పిల్లవాడి కష్టం మొదలయ్యే చోట యాప్ ముగుస్తుంది.

ఒక చిన్న పని చేసి చూడండి. ‘రాత్రి’ అన్న మాటను పలక మీద రాయండి. మనలో చాలామందిమి ముందు ‘తి’ రాసి, తరువాత కింద ర వత్తు ఇస్తాం. కంటికి ముందు కనిపించేది కూడా ‘తి’. అందుకే పిల్లలు ‘రాతి’ అని చదువుతారు. ఇప్పుడు అదే మాటను ఫోన్‌లో తెలుగు అక్షరాల కీబోర్డుతో టైపు చేయండి. త నొక్కాలి, పొల్లు నొక్కాలి, ర నొక్కాలి, చివర గుడి. తెర మీద త కాస్తా త్ అవుతుంది, ఆపైన త్ర, ఆపైన త్రి. నోట్లో ధ్వనులు ఏ వరుసలో పుడుతున్నాయో సరిగ్గా అదే వరుసలో అక్షరం కట్టుకుంటుంది. పలక చూపలేని దాన్ని యంత్రం ఇక్కడ చూపుతోంది. మూర్ టైప్‌రైటర్ గదిలోని సూత్రం తెలుగుకు ఇంత చక్కగా అతుకుతుందని ఆయనకు తెలిసే వీలు లేదు. రెండో తరగతి పిల్లలతో ‘చెట్టు’, ‘పుస్తకం’, ‘బస్సు’ ఇలా టైపు చేయించి, ప్రతి మీటకూ ధ్వనిని పైకి పలికించండి. దీనికి యాప్ కొనక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

పుస్తకాలు ఉన్నా చదవని పిల్లలు

చదవడం వచ్చాక చదవడానికి ఏమైనా ఉండాలి. ఈ లోటు తీర్చడంలో వెబ్‌సైట్ల పాత్ర పెద్దది. 2002లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా అంతర్జాతీయ బాలల డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. 2015లో ప్రథమ్ బుక్స్ సంస్థ స్టోరీవీవర్‌ను ప్రారంభించింది. అందులోని కథలను ఎవరైనా చదవవచ్చు, అనువదించవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెలుగు కథలు స్థాయిల వారీగా దొరుకుతాయి. 2019లో గూగుల్, పిల్లవాడు పైకి చదువుతుంటే విని తప్పు చెప్పే యాప్‌ను ముందుగా హిందీతో మన దేశంలోనే విడుదల చేసింది. తరువాత తెలుగు కూడా చేరింది.

కానీ పెరూ దేశం అనుభవాన్ని మరచిపోకూడదు. ‘పిల్లకొక ల్యాప్‌టాప్’ పథకం కింద అక్కడి పల్లె బడులకు ఇచ్చిన యంత్రాల్లో 200 పుస్తకాలు నింపి పంపారు. చాలామంది పిల్లల ఇళ్లలో అయిదు పుస్తకాలు కూడా లేవు. 319 బడులలో జరిపి 2012లో వెలువరించిన మూల్యాంకనంలో భాష, గణితం మార్కులు పెరిగిన జాడ లేదు. చదివే అలవాటూ పెరగలేదు. పుస్తకం యంత్రంలో ఉంది. దాన్ని తెరిచి, పక్కన కూర్చుని, ‘తరువాత ఏమవుతుందంటావు?’ అని అడిగే మనిషిని ఆ పథకం ఏర్పాటు చేయలేదు.

మన దగ్గర ఇదే విషయం మరో రూపంలో 2020లో ఎదురైంది. బడులు మూసిన ఆ ఏడాది సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెర ద్వారా చదవడం ఎలా నేర్పాలన్నది అప్పుడు ఆ పాఠాల పరిధిలోకే రాలేదు. అరవై ఏళ్ల ప్రయోగాలు ఎక్కువగా ఆ వయసు పిల్లలతోనే జరిగాయని మీకిప్పుడు తెలుసు. ఆ ఏడాది ఒకటో తరగతిలో పేరు నమోదైన పిల్లలు ప్రాథమిక పాఠశాల దాటే వయసుకు వచ్చేశారు. వారిలో ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఒక పేరా పైకి చదివించి, వత్తులున్న మాటల దగ్గర ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి. సంప్రదింపు తరగతికి ఆ కాగితం తీసుకురండి.