ధనర్ణముల కూడిక - పూర్వచరిత్ర

అంకెకు ముందు చిన్న అడ్డగీత గీచి, ఇది ఋణసంఖ్య యని చెప్పుట నేడు ఆరవ తరగతి పాఠము. పంతులుగారు నోటితో ప్లస్సు, మైనస్సు అని పలికినను, తెలుగు పుస్తకములో అచ్చుపడిన మాటలు ధనము, ఋణము అనునవియే. ఇవి ఇంగ్లీషు మాటలకు బదులుగా మన పండితులు ఈమధ్య కల్పించిన పారిభాషిక పదములని పలువురు తలంతురు. అట్లు కాదు. కూడికకును తీసివేతకును మనము నేడు వ్రాయు గుర్తులు జర్మనీలోని లైప్జిగ్ నగరమున యోహానెస్ విడ్మన్ అనునతని వర్తకగణితములో 1489లో అచ్చయినవి. అంతకు ఎనిమిది వందల యేండ్లకు పైగా పూర్వమే ఈ ధనర్ణములు సంస్కృత గణితమున స్థిరపడి యుండెను.

క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు తన ముప్పదవ యేట బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. అతని నివాసము భిల్లమాలము. నేటి రాజస్థానములోని భీన్‌మాల్ అదియే. ఇది ముఖ్యముగా జ్యోతిశ్శాస్త్ర గ్రంథము. దాని పదునెనిమిదవ అధ్యాయములో ధనమును, ఋణమును, శూన్యమును కూడు విధి కలదు. దాని సారాంశమును నా మాటలలో చెప్పెదను. రెండు ధనములు కూడిన ధనమే. రెండు ఋణములు కూడిన ఋణమే. ధనమును ఋణమును కూడినచో వాని భేదమే ఫలము, అది పెద్దదాని పక్షమున నిలుచును. రెండును సమానములైనచో శూన్యము. శూన్యమును దేనితో కూడినను అది మారదు. కూడికను గురించి నేటి పాఠ్యపుస్తకమునందును ఇంతకు మించిన మాట లేదు.

ఒక గృహస్థుని చేత 500 రూపాయలున్నవి, కొట్టువానికి అతడు 700 రూపాయలు బాకీ. రెండును కలిపి చూచినచో అతని స్థితి 200 ఋణము. ఇది ఎవరికైనను తెలియును. పిల్లలు తడబడునది తీసివేతయందు. ఋణమును తీసివేయుటయనగా ధనమును కూడుటయే యని చెప్పినచో వారు తెల్లబోదురు. కాని ఆ కొట్టువాడు దయతలచి 200 రూపాయల బాకీ కొట్టివేసెననుకొందము. గృహస్థుని చేతికి ఒక్క కాసు రాలేదు, అయినను అతడు 200 మేరకు బాగుపడెను. బ్రహ్మగుప్తుడు ఎన్నుకొన్న పేర్లలోనే ఈ వివరణము ఇమిడి యున్నది.

ఇచ్చట ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఇట్టి లెక్కను లోకమున మొదట చేసినది మనమే యనుట సరికాదు. చైనా దేశపు 'నవాధ్యాయ గణితము' ఇంకను ప్రాచీనమైనది. 263లో లియూ హ్వే దానికి వ్యాఖ్య వ్రాయుచు ధనమునకు ఎఱ్ఱపుల్లలు, ఋణమునకు నల్లపుల్లలు వాడవచ్చునని చెప్పెను. మన కచేరీలలో లోటును ఎఱ్ఱసిరాతో చూపు వాడుకకు ఇది సరిగా తలక్రిందులు! ఆ గ్రంథమున ఒక బేరపు లెక్క యున్నది. రెండు ఆవులను, అయిదు గొఱ్ఱెలను అమ్మి పదుమూడు పందులను కొన్నచో 1000 కాసులు మిగులును. మూడు ఆవులను, మూడు పందులను అమ్మిన సొమ్ము తొమ్మిది గొఱ్ఱెలకు సరిపోవును. ఆరు గొఱ్ఱెలను, ఎనిమిది పందులను అమ్మి అయిదు ఆవులను కొనబోయినచో 600 తక్కువగును. అమ్మినది ధనము, కొన్నది ఋణము. ఆవు 1200, గొఱ్ఱె 500, పంది 300 అని తేలును. బ్రహ్మగుప్తుని విశేషమేమనగా, శూన్యమును కూడ ఒక సంఖ్యగా వీనితోపాటు నిలిపి, మూటికిని కలిపి విధులు చెప్పుట.

నేను ఉద్యోగకాలమంతయు చిట్టా ఆవర్జాలతో గడిపినవాడను. లోకములో ధనర్ణములను ప్రతిదినము కూడువారు లెక్కలు వ్రాయువారే. అయినను వారికి ఋణచిహ్నముతో పనిలేకపోయెను. జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క వ్రాసి, రెండు ప్రక్కలను వేర్వేరుగా కూడి, పెద్దదానిలోనుండి చిన్నదానిని తీసివేసి నిల్వ తేల్చుదురు. 1494లో వెనిస్‌లో పచోలీ అచ్చువేయించిన జంటపద్దు విధానమును ఇదే త్రోవది. కాగితముపై చోటే గుర్తు పనిచేసినది. రెండు ప్రక్కలు లేని చోట, ఒక్క వరుసలో లెక్క నడపవలసి వచ్చినప్పుడు మాత్రమే గుర్తు కావలసివచ్చును. భాస్కరాచార్యులు ఋణసంఖ్యపై ఒక చుక్క పెట్టెను. పెషావరు ప్రాంతమున 1881లో దొరకిన బఖ్షాలీ వ్రాతప్రతిలోనైతే ఋణసంఖ్య ప్రక్కన నిలువుగీత అడ్డగీత కలిసిన గుర్తు కలదు. నేటి బాలుడు చూచినచో దానిని కూడిక గుర్తనియే చదువును.

ఇక మనకు దగ్గరి చుట్టఱికమున్న కథకు వత్తము. కర్ణాటకమున కలబురగి జిల్లా సేడం తాలూకాలో కాగిణా నది ఒడ్డున మళఖేడు కలదు. తెలంగాణ సరిహద్దుకు అది యెంతో దూరము కాదు. అదియే రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటము. అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసార సంగ్రహమును సంస్కృతమున రచించి, అందు ఆ రాజును కొనియాడెను. ధనర్ణముల విధులు ఆ గ్రంథపు మొదటి అధ్యాయముననే ఉన్నవి. ఋణసంఖ్యకు వర్గమూలము ఉండదని అతడు స్పష్టముగా చెప్పెను. శూన్యముతో భాగించినచో సంఖ్య మారదని అతడు చెప్పినది మాత్రము తప్పు. శూన్యభాగహారమున బ్రహ్మగుప్తుడును తప్పటడుగు వేసినవాడే.

ఈ మహావీరుని గ్రంథమును తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. పదునొకండవ శతాబ్దము వాడని సాహిత్య చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. తెలుగులో కావ్యరచన అప్పుడప్పుడే నిలదొక్కుకొనుచున్న రోజులలో ఒక లెక్కల పుస్తకము పద్యములలో వెలువడుట సామాన్యము కాదు. మన భాషలో శాస్త్రగ్రంథములకు అదియే తొలి మెట్టని చెప్పుదురు. మూలగ్రంథమునకు అచ్చుయోగము పట్టినది 1912లో. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు ఎం. రంగాచార్యులుగారు ఇంగ్లీషు అనువాదముతో దానిని పరిష్కరింపగా, మదరాసు ప్రభుత్వమువారు ప్రకటించిరి. కన్నడదేశమున పుట్టి, తెలుగుపద్యములలోనికి వచ్చి, తమిళదేశమున అచ్చయిన ఈ గ్రంథమును ఏ ఒక్కరి సొత్తనగలము?

భాస్కరాచార్యుల ఊరి విషయమై కూడ తగవు కలదు. కన్నడిగులు బిజాపురమందురు, మహారాష్ట్రులు జళగాఁవ్ ప్రాంతమందురు. మనకు కావలసినది 1150లో అతడు వ్రాసిన లీలావతిలోని ఒక త్రిభుజము. భుజములు 10, 17. భూమి 9. శిఖరమునుండి లంబము దించినచో భూమి రెండు ఖండములు కావలెను. లెక్కవేయగా ఒక ఖండము 15, రెండవది ఋణము 6 వచ్చును. రెండును కూడిన 9 సరిపోవును. కాని భూమి పొడవే 9 అయి యుండగా అందు 15 ఎట్లు ఇముడును? భాస్కరుడు దానిని త్రోసివేయలేదు. ఋణమనగా ఎదురుదిక్కని వివరించెను. అనగా లంబము భూమికి వెలుపల, ఆరు మూళ్ళ దూరమున పడును. పటము గీచి చూచినచో అట్లే యుండును, లంబము 8. నా దృష్టిలో ఈ చిన్న లెక్క చాల పెద్దది. ఋణము అప్పుపత్రమును దాటి నేలమీదికి వచ్చినది ఇచ్చటనే. అయినను బీజగణితమున మఱొక చోట, ఋణఫలమును లోకులు అంగీకరింపరని అతడే దానిని విడిచిపెట్టెను.

ఐరోపాలో ఈ తగవు మిక్కిలి కాలము సాగెను. 1545లో కార్డానో ఋణఫలములను కల్పితములనెను. 1758లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ మసేరెస్ అను న్యాయవాది ఋణచిహ్నముపై ఒక గ్రంథమే వ్రాసి, చిన్నదానినుండి పెద్దదానిని తీసివేయుట అర్థములేని పనియని వాదించెను. ఆయన పిమ్మట ఖజానా న్యాయస్థానమున బేరన్ పదవియందు చేరెను. రాజుగారి బాకీల లెక్క తెలిసిన చోట కూర్చుండియు ఆయనకు ఋణసంఖ్య రుచింపకుండుట వింతయే! ఆయిలర్ మాత్రము 1770 నాటి తన బీజగణితమున అప్పు దృష్టాంతముతోనే దానిని బోధించెను. బ్రహ్మగుప్త భాస్కరుల గ్రంథభాగములను కోల్‌బ్రూక్ 1817లో లండనున ఇంగ్లీషులో ప్రకటించు నాటికి మసేరెస్ ఇంకను జీవించియే యుండెను.

ఆయన వాదము వట్టి మూఢత్వమని కొట్టివేయరాదు. కూడికకు, తీసివేతకు అప్పు దృష్టాంతము చక్కగా సరిపోవును. గుణకారమునకు రాగానే అది కుంటువడును. అప్పును అప్పుతో హెచ్చించుట యననేమి? ఋణమును ఋణముతో గుణించిన ధనమని బ్రహ్మగుప్తుడు విధించెను, కాని ఏ షాహుకారును అట్టి బేరము ఎఱుగడు. ఇంటిలో పిల్లలకు పాఠము చెప్పు పెద్దలు కూడికవఱకు చిట్టాను చూపి, గుణకారమున దానిని మూసివేయుట మేలని నా అభిప్రాయము. లేనిచో తెలిసినదానిపైన కూడ పిల్లవానికి నమ్మకము చెడును.

మన కుటుంబముల పిల్లలు ఈ పాఠమును ఇప్పుడు పలుభాషలలో చదువుచున్నారు. కన్నడములోను మరాఠీలోను ధనము, ఋణము అనియే యుండును. ఒడియాలో ధనాత్మకము, ఋణాత్మకము. తమిళ పుస్తకములలో మాత్రము మిగై, కుఱై. తంజావూరు, మదుర ప్రాంతములలో స్థిరపడిన మనవారికి ఇవియు పరాయి మాటలు కావు. మన మిగులు, కొఱత అనువానికి ఇవి సోదరపదములు. అమ్మమ్మ ఆ రెండు మాటలు పలికినచో తమిళబడిలో చదువు మనుమరాలికి లెక్క సులువుగా తెలియును.

యానామువారికి ఇంకొక చిక్కు కలదు. నేటి ఫ్రెంచి గణితపరిభాషలో శూన్యము ధనమునందును చేరును, ఋణమునందును చేరును. తెలుగు పాఠ్యపుస్తకము బ్రహ్మగుప్తునివలెనే దానిని రెంటికిని వెలుపల ఉంచును. ఒకే ఇంటిలో ఫ్రెంచి పుస్తకము చూచువారును, తెలుగు పుస్తకము చూచువారును సున్న ధనమా కాదా యని వాదించుకొన్నచో, ఇద్దఱును తమ తమ పుస్తకము ప్రకారము సరిగానే చెప్పుచున్నారు.