గురువుగా మారిన ధ్వనిముద్రణ: డెఫ్ లెపర్డ్ పాటలు, గిటార్ అభ్యాసం

వాద్యవిద్యను గురుముఖతః అభ్యసించాలన్నది మన సంగీత సంప్రదాయం. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఎలక్ట్రిక్ గిటార్ చేపట్టిన యువతకు మాత్రం చాలావరకు ధ్వనిముద్రణే గురువయింది. రికార్డుపై ముల్లును వెనక్కి జరిపి, క్యాసెట్‌ను పదేపదే తిప్పి, చెవికి అందిన స్వరాన్ని తీగపై వెదుక్కోవడమే వారి పాఠం. ఈ గురువు ఎన్నిసార్లు అడిగినా విసుగు చెందదు. అయితే శిష్యుని తప్పు చెప్పదు. తన రహస్యమూ చెప్పదు. ఇందుకు బ్రిటిష్ బృందం డెఫ్ లెపర్డ్ చరిత్ర చక్కని నిదర్శనం.

ఉక్కు పరిశ్రమకు, కత్తులు చెంచాల తయారీకి పేరొందిన ఇంగ్లండ్ నగరం షెఫీల్డ్‌లో 1977లో ఈ బృందం ఏర్పడింది. మూతపడిన ఒక చెంచాల కర్మాగారంలోని గది వారి తొలి సాధనాస్థలం. స్టీవ్ క్లార్క్ బాల్యంలో తండ్రి కొనిపెట్టిన గిటార్‌పై మొదట పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతి నేర్చినవాడు. 1982లో పీట్ విల్లిస్ స్థానంలో లండన్ వాసి ఫిల్ కాలెన్ చేరాడు. శ్రావ్యమైన బాణీలను, బరువైన గిటార్ నాదాన్ని మేళవించిన వీరి సంగీతాన్ని గ్లామ్ మెటల్ కోవలో చేర్చడం పరిపాటి.

అభ్యాసకులను ఈ పాటలు ఆకర్షించడానికి కారణం లేకపోలేదు. వీటిలో గిటార్ పాటకు ఎదురు నిలవదు, పాటను మోస్తుంది. 1981 నాటి ‘బ్రింగిన్ ఆన్ ది హార్ట్‌బ్రేక్’ ఆరంభంలో స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం వినవచ్చు. 1983 నాటి ‘ఫోటోగ్రాఫ్’లో చిన్న పల్లవివంటి స్వరగుచ్ఛం పాటకు వెన్నెముకగా నిలుస్తుంది. పాడుకోగలిగినది వాయించుకోగలం అన్న ధైర్యాన్ని ఇవి నూతన విద్యార్థికి కలిగిస్తాయి.

ఆ ధైర్యానికి అసలు పరీక్ష 1987 ఆగస్టులో వెలువడిన ‘హిస్టీరియా’ ఆల్బమ్. దాని తయారీకి మూడేళ్ళకు పైగా పట్టింది. 1984 డిసెంబరు 31న జరిగిన కారు ప్రమాదంలో డ్రమ్స్ వాద్యకారుడు రిక్ అలెన్ ఎడమచేయి కోల్పోయాడు. ఆ చేయి చేసే పనిని పాదాలకు అప్పగించి, ప్రత్యేకంగా రూపొందిన ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌పై సాధన చేసి, 1986 ఆగస్టులో డోనింగ్టన్ ఉత్సవ వేదికపై మళ్ళీ వాయించాడు. ఇటు నిర్మాత మట్ లాంగ్ ఆధ్వర్యంలో గిటార్లు పొరలు పొరలుగా ముద్రితమయ్యాయి. కొన్నిచోట్ల ఒకేసారి మోగవలసిన స్వరాలను సైతం విడివిడిగా వాయించి, ముద్రించి, ఒకటిగా కూర్చారు. వినేవారికి ఒక్క గిటార్‌గా తోచేది నిజానికి అనేక గిటార్ల సమాహారం.

ఈ వ్యాసకర్తకు ఆ సంగతి తెలియదు. 1996లో వసతిగృహంలో ఒక పాత గిటార్, అరిగిన ‘హిస్టీరియా’ క్యాసెట్ నాకు గురుకులం. ఏడాదిపాటు వేళ్ళు కాయలు కాచినా క్యాసెట్‌లోని నిండుదనం నా తీగలపై పలకలేదు. లోపం నా చేతిలోనే ఉందని నిశ్చయించుకుని, ఆ గిటార్‌ను ఒక జూనియర్‌కు అమ్మివేశాను.

కొన్నేళ్ళ తరువాత మిత్రుడొకరు ఆ పాటల ముద్రిత స్వరలిపిని చూపించాడు. అందులో ‘గిటార్ 1’, ‘గిటార్ 2’ అంటూ వేర్వేరు వరుసలు ఉన్నాయి. ఏ తీగను ఏ మెట్టుపై నొక్కాలో అంకెలతో సూచించే ఈ ‘ట్యాబ్లచర్’ పద్ధతి కొత్తది కాదు. 1507లో వెనిస్‌లో పెట్రూచీ అచ్చువేసిన స్పినాచినో ల్యూట్ గ్రంథంలోనూ ఉన్నది ఈ కోవకు చెందిన లిపియే. 1980వ దశకంలో అమెరికన్ గిటార్ పత్రికలు రాక్ పాటలను ఈ లిపిలో విరివిగా ప్రచురించాయి. మన సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేక సంకేతాలు వాడారు. చెవికి జారిపోయేదాన్ని కంటికి పట్టి ఇవ్వడమే ఈ లిపులన్నింటి ప్రయోజనం. ఆ కాగితం నాకు స్పష్టం చేసిన సత్యం ఒక్కటే: ఇద్దరు గిటారిస్టులు ఎన్నో పొరలుగా ముద్రించినదాన్ని నేను ఒంటరిగా, రెండు చేతులతో వాయించబోయాను.

స్టీవ్ క్లార్క్ 1991 జనవరిలో ముప్పయ్యేళ్ళకే మరణించాడు. 1992లో వివియన్ క్యాంప్‌బెల్ చేరడంతో బృందంలో రెండు గిటార్ల సంప్రదాయం కొనసాగింది. ఒకరి పాలును మరొకరు స్వీకరించవచ్చు, పాలు మాత్రం రెండుగానే ఉండాలన్నది ఆ కొనసాగింపు చెప్పే నీతి.

నేడు వీడియో పాఠాలు ఏ పాటనైనా నెమ్మదింపజేసి, విడదీసి చూపుతున్నాయి. నేటి విద్యార్థికి నాటి అజ్ఞానం లేదు. అయినా ముద్రణలోని పరిపూర్ణతను తన చేతితో పోల్చుకుని నిరాశపడే ప్రమాదం తొలగిపోలేదు. అలెన్ పోగొట్టుకున్న చేతిని అనుకరించలేదు, మిగిలిన అవయవాలకు పని పంచాడు. అభ్యాసకునికీ అదే మార్గం. ఇప్పుడు మా ఇంట సాయంవేళ మొదటి గిటార్ మా అమ్మాయిది, రెండవది నాది. క్యాసెట్‌లోని నిండుదనం నేటికీ రాలేదు. కాని ఆమె ఆగినచోట నా తీగ అందుకుంటుంది.