పెట్టుబడీ - ప్రాతినిధ్యమూ

వ్యక్తుల గుణదోషాల పట్టీ చరిత్ర కాజాలదు. వారిని పైకి తెచ్చిన సామాజిక శక్తులేమిటో చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది. ఈ దృష్టితోనే నేను సి.ఎం. రమేష్ రాజకీయ జీవితాన్ని పరిశీలించదలిచాను. 2024లో ఆయన అనకాపల్లి స్థానం నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. మా చోడవరం ఆ స్థానంలోనిదే.

రమేష్ కడప జిల్లా పోట్లదుర్తివారు; నిర్మాణపు పనులు చేసే రిత్విక్ ప్రాజెక్ట్స్ స్థాపకులు. బట్టల వర్తకుని బేరం జనంతో. పెద్ద పనుల కంట్రాక్టరు బేరం ప్రధానంగా ప్రభుత్వంతో. కనుక కంట్రాక్టరుకు చట్టసభ దూరపు లోకం కాదు. 2012లో, మళ్ళీ 2018లో ఆయన తెలుగుదేశం పక్షాన రాజ్యసభకు వెళ్ళారు. 2018 జూన్‌లో కడప ఉక్కు కర్మాగారం కోసం కేంద్రాన్ని నిలదీస్తూ నిరాహారదీక్ష చేశారు. ఏడాది తిరగగానే, 2019 జూన్‌లో, మరి ముగ్గురు సభ్యులతో కలిసి కేంద్రంలోని పాలక పక్షమైన భారతీయ జనతా పార్టీలో చేరారు. ఆ ప్రభుత్వమే 2021 జనవరిలో విశాఖ ఉక్కును ప్రైవేటుపరం చేయ నిర్ణయించింది.

దీన్ని ఒక వ్యక్తి చాంచల్యమని సరిపెట్టుకుంటే విశ్లేషణ అక్కడితో ఆగిపోతుంది. ఇంతకుముందూ ఈ దారిన నడిచినవారున్నారు. ప్రకాశం జిల్లా నుంచి విశాఖకు వచ్చి వ్యాపారంలో స్థిరపడిన గంటా శ్రీనివాసరావు 1999లో అనకాపల్లి లోక్‌సభ స్థానం, 2004లో చోడవరం శాసనసభ స్థానం గెలిచారు. ఆ తరువాత అనకాపల్లి, భీమిలి, విశాఖ ఉత్తరం. నడుమ పార్టీలూ మారాయి. పెట్టుబడికి ఊరు కట్టుగొయ్య కాదు.

పరిశ్రమ నడిపినవాడే పరిశ్రమలు తేగలడని కొందరంటారు. ఉద్యోగాల్లేని యువకుల ప్రాంతంలో ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యలేము. అయితే దానికి గీటురాయి మన కళ్ళెదుటే ఉంది: గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారం. నరికిన చెరకులో రోజురోజుకూ చక్కెర తగ్గుతుంది, రైతు ఆగలేడు. 1961 నాటి చట్టం ప్రకారం ఏ ఊరి చెరకు ఏ మిల్లుకో ప్రభుత్వమే కేటాయిస్తుంది. పార్టీని మార్చుకునే స్వేచ్ఛ ప్రతినిధికి ఉంది. మిల్లును మార్చుకునే స్వేచ్ఛ రైతుకు లేదు. ఆ రైతే బకాయిల కోసం వీధికెక్కవలసి వచ్చింది.

కనుక నాయకుడు కడపవాడా, ప్రకాశంవాడా అన్న చర్చ దారి తప్పిన చర్చ. ఆ కర్మాగారం రైతుల వాటాలతో నిలిచిన సంస్థ. దాని క్రషింగు, బకాయిలు, ఆధునికీకరణల గురించి పార్లమెంటులో ఎవరేం మాట్లాడారో లెక్క తీసి ఊళ్ళలో వినిపించాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు పూనుకోవలసిన పని అదే.