కొట్టకముందు వినే మిషను

బళ్ళో మేము చదివింది అరవం, తెలుగు మా అమ్మ ఇంట్లో నేర్పింది. తప్పులుంటే దిద్దండి.

మన సంఘం పెద్దాయన ఒకరికి పేస్‌మేకర్ పెట్టాలన్నారు డాక్టర్లు. "మిషను ఆడించినట్టు నా గుండె ఆడాలా? వద్దప్పా" అని మొండికేసినారు. మేము నలుగురం కూర్చుని దాని చరిత్ర చదివినాం.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ల ఆయనకు మొట్టమొదట ఒంటిలోపల పేస్‌మేకర్ పెట్టినారు. చేసింది ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్, ఆపరేషన్ చేసింది డాక్టరు ఓకె సెన్నింగ్. అది కొన్ని గంటలే పనిచేసింది.

ఆ కాలపు మిషన్లు చెవిటివి. గుండె తనంతట తాను కొట్టుకుంటున్నా, గడియారం మాదిరి తమ దెబ్బ తాము వేసేవి. వేళకాని వేళ దెబ్బ పడితే ప్రాణానికే ముప్పు. 1960లలో బరూ బెర్కొవిట్స్ 'డిమాండ్' పేస్‌మేకర్ చేసినారు. అది ముందు వింటుంది. గుండె కొట్టుకుంటే ఊరకుంటుంది, ఆలస్యమైతేనే కొడుతుంది.

వినడమే కష్టం. గుండె సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. చుట్టూ కండరాల గరగర. మా కాలంలో రైల్వే ఫోనులో గరగర నడుమ స్టేషను మాస్టరు మాట ఏరుకున్నట్టే అనుకోండి. ఇక్కడ ఏరేది ఫిల్టరు సర్క్యూటు. మరీ నిదానమైన అలలనూ మరీ వేగమైన అలలనూ తగ్గించి, నడిమివాటిని పోనిస్తుంది.

ఆ ఫిల్టరు రాత్రింబగళ్లు మేలుకోవాలి, కరెంటు మాత్రం చిటికెడే తినాలి. గుమాస్తా లెక్క చూడండి: 1 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉందనుకుందాం. మొత్తం మిషను 10 మైక్రోఆంపియర్లు తింటే లక్ష గంటలు, అంటే సుమారు 11 ఏళ్లు. 20 తింటే అయిదున్నర ఏళ్లే. బ్యాటరీ తీరితే మళ్లీ కత్తి. 1970లలో లిథియం-అయొడిన్ బ్యాటరీ వచ్చి ఆయుష్షు పెంచింది. కానీ సర్క్యూటు గీసేవాళ్లు మిగిల్చే ఒక్కో మైక్రోఆంపియరూ ఆ కత్తిని వెనక్కి తోస్తుంది.

లార్సన్ 20కి పైగా పేస్‌మేకర్లు మార్చుకుని, తన ఇంజనీరూ డాక్టరూ పోయిన తర్వాత, 2001లో 86వ ఏట కన్నుమూసినారు.

పెద్దాయనకు ఇంతే చెప్పినాం: "మిషను మీ గుండెను ఆడించదు మామా. మీ గుండె మాట వింటూ కాచుకుని ఉంటుంది."

కాసేపు మాట్లాడలేదు. ఆనక, "ఆసుపత్రిలో ఎప్పుడు చేరాలో అడగండి" అన్నారు.